సన్నాయి సాయిబులు - మనం మరచిన విద్వాంసులు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వార్షికోత్సవం అనగానే చదువుల గురించీ, ఉద్యోగాల గురించీ, వక్ఫు ఆస్తుల గురించీ, కట్నాల గురించీ మాట్లాడుకోవడం మన అలవాటు. అవన్నీ మాట్లాడుకోవలసినవే. ఆ పని నాకంటె బాగా చేయగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నాకిచ్చిన అరగంటలో నేను సన్నాయి గురించి మనవి చేయదలచుకున్నాను. "సంక్షేమ సంఘం సభలో సన్నాయి ఏమిటండీ?" అని కొందరు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. ఈ ముచ్చట అయ్యేసరికి ఇదీ సంక్షేమం విషయమేనని మీరే ఒప్పుకుంటారని నా నమ్మకం.

గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల పల్లెల్లో తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా బతికిన ముస్లిం కుటుంబాలున్నాయి. ఇప్పుడు జిల్లాలు విడిపోయి పేర్లు మారాయి గాని ఊళ్ళు అవే, ఇళ్ళు అవే. ఇంట్లో నమాజు, గుళ్ళో సన్నాయి. తాత దగ్గర తండ్రి, తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్నారు. త్యాగరాజస్వామి కీర్తనలు నోటికి వచ్చినవాళ్ళు, రాగాల గుట్టు తెలిసినవాళ్ళు. ఊళ్ళో వాళ్ళను పిలిచే పిలుపు మాత్రం "ఏయ్, మేళం సాయిబూ!" అంతే. పేరు అడిగినవాడు లేడు.

ముందు ఆ వాద్యం సంగతి రెండు మాటలు చెప్పుకుందాం. మనం వాడుకలో సన్నాయి అంటాం గాని, మన దక్షిణాది నాదస్వరం ఉత్తరాది షెహనాయీ కంటె చాలా పొడుగు. రెండున్నర నుంచి మూడడుగుల దాకా ఉంటుంది. ఆచా చెక్కతో చేస్తారు. కింద గరాటు లాంటి మూతి, పైన నోట్లో పెట్టుకునే రెల్లు పీక. ఆ పీకలు గుత్తిగా దారానికి కట్టి వాద్యానికే వేలాడదీసుకుంటారు. వాటిని సరిచేసుకునే సూది కూడా ఆ గుత్తిలోనే ఉంటుంది. వేళ్ళతో వాయించే రంధ్రాలు ఏడు. హార్మోనియంలాగా మెట్లు లేవు, వీణలాగా కట్టిన స్థానాలు లేవు. ఏ స్వరం ఎంత పలకాలో, ఎక్కడ ఊగాలో, ఎక్కడ ఆగాలో అంతా పెదవి బిగువులోనూ, ఊపిరి కొలతలోనూ, వేలు సగం మూసి సగం తెరిచే ఒడుపులోనూ ఉంది. ఇది చేతికి రావాలంటే చిన్నతనంలోనే పట్టాలి. ఏళ్ళకేళ్ళు తెల్లవారుజామున లేచి సాధకం చేయాలి.

పక్కన డోలు. పనస మొద్దు తొలిచి చేసింది. ఒక వైపు కర్రతో కొడతారు, రెండో వైపు వేళ్ళతో వాయిస్తారు. ఆ వేళ్ళకు గుడ్డా, పిండీ కలిపి గట్టిపరచిన తొడుగులు వేసుకుంటారు. ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు, ఒకరు శ్రుతి, ఒకరు తాళం ఉంటే నిండైన మేళం. మన సాయిబులు సన్నాయి వాయిస్తుంటే పక్కన డోలు పట్టినవారు నాయీబ్రాహ్మణ సోదరులై ఉండటం కద్దు. మేళం వృత్తి మొదటినుంచీ వారిది కూడాను. ఈరోజు నేను మనవాళ్ళ గురించి చెప్పేది చాలావరకు వారికీ వర్తిస్తుంది.

మరి ఇంత విద్య ఉన్నవాళ్ళకు పేరెందుకు రాలేదు? నా ఆలోచనకు తోచింది చెబుతాను. నాదస్వరానికి మంగళవాద్యం అని పేరు. అది పెద్ద గౌరవం. అది లేకుండా పెళ్ళి జరగదు, గుడి తలుపు తెరవదు, స్వామి ఊరేగడు. తెల్లవారుజామున భూపాలం, రాత్రి పవళింపు వేళ నీలాంబరి - వేళను బట్టి రాగం పలికించి దేవుణ్ణి లేపేదీ, పడుకోబెట్టేదీ ఆ వాద్యమే. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధన మొదలయ్యేది కూడా నాదస్వరంతోనే. ఆ గౌరవమే దాని మెడకు చుట్టుకుంది. మంగళం కోసం మోగాలి, అంతే! మోగిందా లేదా అని చూస్తాం, ఏం వాయించాడని చూడం. అగరువత్తి వెలిగిస్తాం, దాన్ని కూర్చుని చూస్తామా? అలాగే ఇదీను. వేలమంది చెవుల్లో పడుతుంది, పదిమంది కూడా వినరు.

పెళ్ళిపందిట్లో చూడండి. మేళం వారిని ఓ మూల అరుగు మీద కూర్చోబెడతాం. విద్వాంసుడు కల్యాణి రాగం ఎత్తుకుంటాడు. మెల్లగా ఒక్కొక్క స్వరం పేర్చుకుంటూ పైకి పోతుంటాడు. అంతలో పురోహితుడు చెయ్యి ఎత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అంటాడు. కల్యాణి అక్కడే తెగిపోవాలి. అందరూ ఒక్కసారిగా ఉధృతంగా వాయించాలి. తాళి కట్టడం అయింది, అక్షింతలు పడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టబోతే భోజనాల పిలుపు. తెగిపోయిన ఆ కల్యాణి ఆ రోజుకు మళ్ళీ అతకదు. ఒక విద్వాంసుడు తన జీవితంలో ఇలా ఎన్ని రాగాలు సగంలో మింగి ఉంటాడో లెక్క కట్టగలరా? గాయకుడికి ఇలా జరిగితే సభ విడిచి వెళ్ళిపోతాడు. మేళం సాయిబు తలవంచుకుని మళ్ళీ పీక తడుపుకుంటాడు. అది అతని సహనం. మన దృష్టిలో అది అతని పని.

ఉత్తరాదిన షెహనాయీ గతి కూడా ఒకప్పుడు ఇంతే. రాజుల కోట ద్వారాల మీద నౌబత్‌ఖానాల్లోనూ, పెళ్ళివారి గుమ్మాల ముందూ మోగే వాద్యం అది. దాన్ని కచేరీ వేదిక నడిమధ్యకు తెచ్చి కూర్చోబెట్టినవాడు ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్. 1947లో స్వాతంత్ర్యం వచ్చిన వేళ ఢిల్లీలో వాయించారు. 2001లో భారతరత్న అందుకున్నారు. 2006లో కన్నుమూశారు. కాశీ విశ్వనాథుడి సన్నిధిలో వాయించిన ముస్లిం అని ఆయన్ను దేశమంతా చెప్పుకుంటుంది. బాగుంది. ఆ వరుసలో చెప్పుకోదగ్గ మనిషి మన ఒంగోలు పక్కనే పుట్టాడని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆయన షేక్ చిన మౌలానా సాహెబ్. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో జన్మించారు. తండ్రి కాసిం సాహెబ్ దగ్గర తొలిపాఠం. తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం. అంతటితో తృప్తిపడి ఉంటే మన జిల్లాల్లో మంచి మేళంగా పేరు తెచ్చుకుని సుఖంగా ఉండేవారు. ఆ రోజుల్లో తమిళనాట తిరువావడుదురై రాజరత్నం పిళ్ళె నాదస్వరానికి చక్రవర్తి. గంటలకొద్దీ ఒకే రాగం ఆలపించి జనాన్ని కట్టిపడేసినవారు, తోడి రాగానికి పెట్టింది పేరు. ఆ తంజావూరు బాణీ మన చిన మౌలానా మనసును లాగేసింది. అది నేర్వాలని తమిళదేశం వెళ్ళి, నాచ్చియార్ కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర శిష్యుడుగా చేరారు. భాష వేరు, మతం వేరు, ఊరు వేరు. వాళ్ళు చూసినది శిష్యుడి విద్యను. ఆయన చూసినది గురువుల విద్యను.

1960 తరువాతి సంవత్సరాల్లో ఆయన కాపురం శ్రీరంగానికి మార్చారు. కావేరి ఒడ్డున, రంగనాథుడి గోపురం నీడన, తంజావూరు బాణీకి పుట్టిల్లయిన నేల మీద ఒక తెలుగు ముస్లిం ఆ బాణీనే వాయించి మెప్పించాడంటే అది మాటలా? మన ఊరివాడు పరాయి ఊరు వెళ్ళి అక్కడి వంట వాళ్ళకే వండిపెట్టి శభాష్ అనిపించుకున్నట్టు లెక్క. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1982లో శ్రీరంగంలోనే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించి, కుల మత భేదం లేకుండా పిల్లలకు నేర్పారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో దానికి మించిన గౌరవం లేదంటారు. మరుసటి ఏడు, 1999లో, శ్రీరంగంలోనే దివంగతులయ్యారు. ఆయన మనుమలు కాసిం, బాబు ఆ విద్యను అందిపుచ్చుకుని జంటగా వాయిస్తున్నారు.

ఆయన శిష్యుల్లో ఒక దంపతులున్నారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్. ఇద్దరూ మన తెలుగు ప్రాంతపు నాదస్వర కుటుంబాల నుంచి వచ్చినవారే. ఇక్కడ అక్కచెల్లెళ్ళు కాస్త గమనించండి. నాదస్వరం మగవాళ్ళ వాద్యం, గుండెబలం కావాలి, ఆడవాళ్ళ వల్ల కాదు అనే మాట ఉంది. కాలీషాబీ గారు ఆ మాటను తన ఊపిరితోనే కొట్టివేశారు. భర్త పక్కన కూర్చుని సరిసమానంగా వాయించారు, వాయిస్తున్నారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. ఆ జాబితాలో వారి పేర్ల పక్కన రాష్ట్రం తమిళనాడు అని ఉంది. వారు స్థిరపడింది శ్రీరంగంలో కదా మరి! తప్పెవరిదీ కాదు. విద్వాంసుడు తనను వినే చోటికి పోతాడు. నీరు పల్లమెరుగు అన్నట్టు, నాదం చెవినెరుగుతుంది.

వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయినవారి మాటేమిటి అంటారా? గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌ను తీసుకోండి. గోసవీడు కృష్ణా జిల్లా గంపలగూడెం వైపు ఊరు, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. భద్రాచలం సీతారామచంద్రస్వామి సన్నిధిలో ఏళ్ళ తరబడి నాదస్వరం వినిపించారు. భద్రాద్రి రాముడి కల్యాణాన్ని తెలుగువాళ్ళంతా రేడియోలోనో టీవీలోనో వింటాం, చూస్తాం. వ్యాఖ్యానం చెప్పేవారి పేరు గుర్తుంటుంది. మంగళవాద్యం వాయించినది ఎవరో అడగం. హసన్ సాహెబ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. వచ్చేనాటికి ఆయన లేరు. మరణానంతర పురస్కారంగా ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషించవలసిందే. కాని తొంభై ఏళ్ళ నిండు బతుకు బతికిన మనిషికి ఆ కబురు చెవిన పడకుండానే పోయింది కదా అని మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. ఇది కొంచెం ఘాటుగా ఉంటే మన్నించండి. ఈ విద్వాంసుల గురించి పత్రికల్లో ఎప్పుడైనా రాస్తే ఏం రాస్తారు? "గుడిలో సన్నాయి వాయించే ముస్లిం" అని రాస్తారు. మతసామరస్యానికి ప్రతీక అంటారు. మంచిదే. సామరస్యం మనకు కావాలి, ఈ రోజుల్లో మరీ కావాలి. కాని ఆ ఒక్క మాటతో సరిపెడితే ఆ మనిషి సంగీతం ఎక్కడికి పోయింది? ఆయన తోడి ఎలా వాయించాడు, ఆలాపన ఎలా కట్టాడు, కీర్తనలో సాహిత్యం వినబడేటట్టు పలికించాడా - ఇవేవీ రాయరు. వింతగా చూస్తారు, విద్వాంసుడుగా చూడరు. చిన మౌలానాకు సంగీత కళానిధి ఇచ్చింది ఆయన ముస్లిం అయినందుకు కాదు గదా! ఆయన విద్యకు ఇచ్చారు. మనవాళ్ళను మనం పొగిడేటప్పుడైనా ముందు విద్యను పొగుడుదాం. సామరస్యం దాని వెనకే నడిచి వస్తుంది, దాన్ని ప్రత్యేకంగా పిలవనక్కరలేదు.

బయటివారి సంగతి అలా ఉంచి మన ఇంటి సంగతి చూసుకుందాం. సంగీతం విషయంలో మన పండితుల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ చర్చకు ఇది వేదిక కాదు, నేను అర్హుణ్ణీ కాను. చరిత్ర మాత్రం చెబుతాను. అజ్మీరు దర్గా ద్వారం మీద నౌబత్‌ఖానా ఉంది, అక్కడ నగారా, షెహనాయీ మోగుతాయి. మన వైపు గంధం ఊరేగింపుల్లో మేళం నడుస్తుంది. పీర్ల పండుగకు హిందూ సోదరులు వచ్చి డప్పులు కొడతారు. మనవాళ్ళు వెళ్ళి వారి కల్యాణాల్లో సన్నాయి వాయిస్తారు. ఇదంతా ఎవరూ ఉపన్యాసాలు చెప్పకముందే జరుగుతున్న ఇచ్చిపుచ్చుకోవడం. ఎవరి అభిప్రాయం ఏదైనా కానివ్వండి, నిజాయితీగా చెమటోడ్చి భార్యాబిడ్డలను పోషించుకునే మనిషిని "గుళ్ళో వాయించేవాడు" అని మనలోనే కొందరు చిన్నచూపు చూడటం, సంబంధం కలుపుకోవడానికి వెనకాడటం న్యాయం కాదు. అక్కడ సాయిబని మూలన కూర్చోబెడతారు, ఇక్కడ మేళగాడని మూలన కూర్చోబెడతాం. పాపం ఆ మనిషికి మూల తప్ప వేరే చోటు లేదా?

ఇక కూటి సంగతి. మేళం పని ముహూర్తాల పని. మాఘ ఫాల్గుణాలు, వైశాఖం, శ్రావణం - అప్పుడే పని. ఆషాఢం వచ్చిందా, మూఢం పట్టిందా, మేళం ఉట్టికెక్కినట్టే. ఏడాదిలో కొన్ని నెలల సంపాదన ఏడాదంతా తినాలి. 2020లో కరోనా వచ్చి పెళ్ళిళ్ళూ, ఉత్సవాలూ ఆగిపోయినప్పుడు ఈ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం కష్టమైంది. దానికి తోడు ఇప్పుడు పెళ్ళి ఊరేగింపంటే డీజే. లక్షలు పోసి పెట్టెలు తెచ్చి గుండెలదిరేటట్టు మోగిస్తారు. మేళం వారి దగ్గరకు వచ్చేసరికి మాత్రం "తాళి కట్టేటప్పుడు ఓ గంట చాలు, ఇద్దరు రండి" అంటారు. ఆరుగురి మేళం ఇద్దరైంది. శ్రుతి పట్టే మనిషి పోయి కరెంటు పెట్టె వచ్చింది. కొన్ని చోట్ల మనుషులే అక్కరలేదు, సెల్‌ఫోనులో పాట పెట్టి పెట్టె ముందుంచుతున్నారు.

అసలే ఈ విద్యకు పెట్టుబడి ఊపిరి, పెదవులు, పళ్ళు. వయసు పైబడి పళ్ళు ఊడితే పీక పట్టు నిలవదు. గాయకుడు ముసలితనంలో కూడా నాలుగు కీర్తనలు పాడగలడు. సన్నాయి విద్వాంసుడికి ఆ వీలు తక్కువ. అందుకే తండ్రులే కొడుకులతో "వద్దురా, ఆటో తోలుకో, సెల్‌ఫోన్ల రిపేరు నేర్చుకో" అంటున్నారు. వారిని తప్పు పట్టలేం. తన బతుకు చూసి చెప్పే మాట అది. కాని ఈ విద్య ఒక తరం తెగిపోతే మళ్ళీ పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. చేతి వేలు పట్టి చూపించే గురువు ఉండాలి. ఆ గురువు పోతే ఆయన బాణీ ఆయనతోనే పోయింది.

మా వైపు ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పను, ఆయనకు ఇష్టం ఉండదు. డెబ్బై దాటినవారు. పదమూడో ఏట మేళంలో కూర్చుని, యాభై ఏళ్ళకు పైగా వాయించారు. వృద్ధ కళాకారులకు సర్కారు సాయం ఉందని ఎవరో చెబితే ఒక కార్యాలయానికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. "తాతా, మీరు కళాకారులని ఏదైనా ఋజువు ఉందా? పేపరు కటింగు, సర్టిఫికెట్టు, మీ పేరు వేసిన కరపత్రం, ఏదైనా సరే" అన్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి "నాయనా, నేను వాయించిన పెళ్ళిళ్ళ పిల్లలకు మనుమలు పుట్టారు. వాళ్ళను అడగండి" అన్నాడు. గుమాస్తా తల దించుకున్నాడు. ఏం చేస్తాడు? ఫైలులో పెట్టడానికి కాగితం కావాలి గదా!

అయ్యా, అప్పుడు నాకు అర్థమైంది, పేరు వేయకపోవడం అంటే ఏమిటో. మనం ఏదో కీర్తి, బిరుదు, దండలు అనుకుంటాం. అది కాదు. శుభలేఖ మీద ఒక వరుస పేరు ఉంటే ఆ ముసలాయనకు అది రేపు అన్నం పెట్టే కాగితం. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శాఖ అరవై దాటిన పేద కళాకారులకు నెలనెలా ఆర్థిక సాయం చేసే పథకం నడుపుతోంది. దానికి అర్హులు మన పల్లెల్లో ఉన్నారు. అర్హత వారి చేతుల్లో ఉంది, కాగితం మాత్రం లేదు. ఆ కాగితం పుట్టించవలసినవాళ్ళం మనం.

రేడియోవారు ఈ విషయంలో మనకంటె నయం. 1948లో విజయవాడ రేడియో కేంద్రం వచ్చాక పరీక్ష పెట్టి, శ్రేణి ఇచ్చి, పిలిచి వాయింపించారు. "నాదస్వరం ఫలానావారు, డోలు ఫలానావారు" అని గాలిలో పేరు చెప్పారు. ఊళ్ళో మేళం సాయిబు అనిపించుకున్న మనిషి ఆ పావుగంట సేపు షేక్ ఫలానా సాహెబ్ అయ్యేవాడు. ఆ ఒక్క పిలుపు కోసం ఎంత సాధకం చేశారో!

మన కళాకారుల్లో ఒకరి జీవితం మాత్రం భద్రంగా మిగిలింది. బుర్రకథ నాజర్ గారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథను ఊరూరా మోగించిన మనిషి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన నోట వినడానికి జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కాలం చేశారు. ఆయన కథ ఈనాడు మనకు తెలుసంటే ముఖ్యంగా ఒక పుస్తకం వల్ల. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు ఓపికగా రాసిపెట్టారు. దానికి "పింజారి" అని పేరు. పదిమంది తక్కువగా పలికే మాటనే అట్ట మీద పేరుగా పెట్టుకున్నారు. చూశారా, ఒక మనిషి పక్కన కూర్చుని మరొక మనిషి రాసుకుంటే చాలు, బతుకు నిలిచింది. మన సన్నాయి విద్వాంసుల పక్కన అలా ఎవరు కూర్చున్నారు?

ఇక ముగింపుకు వస్తాను. విమర్శ చేసి దిగిపోతే లాభం లేదు. మన సంఘం చేతనయిన పనులు కొన్ని మనవి చేస్తాను. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, మన ప్రాంతంలో ఉన్న నాదస్వరం, డోలు కళాకారుల పట్టిక తయారుచేద్దాం. పేరు, ఊరు, వయసు, గురువు పేరు, ఎన్నేళ్ళుగా వాయిస్తున్నారు - ఇంతే. కుర్రవాళ్ళు నలుగురు మోటారు సైకిళ్ళ మీద రెండు నెలలు తిరిగితే అయిపోతుంది. హిందువులైన కళాకారుల పేర్లు కూడా రాయాలి. ఒకే మేళంలో కూర్చున్నవాళ్ళను మన పట్టికలో విడదీయడం మర్యాద కాదు. వచ్చే ఏడాది ఈ ప్రత్యేక సంచికలో ఆ పట్టిక అచ్చు వేద్దాం. అచ్చయిన ఆ పుట ఆ పెద్దాయన లాంటివాళ్ళకు కార్యాలయంలో చూపించుకునే కాగితమవుతుంది.

రెండవది, అరవై దాటినవారి దరఖాస్తులు మన సంఘం కార్యాలయంలో కూర్చుని నింపించి పంపుదాం. ఉపకార వేతనాల దరఖాస్తులు ఎలాగూ నింపిస్తున్నాం, ఇవీ ఆ కుర్రవాళ్ళే చేయగలరు.

మూడవది, ప్రతి పెద్ద విద్వాంసుడి దగ్గరా ఒక గంట కూర్చుని, ఆయన వాయించినదీ, చెప్పినదీ సెల్‌ఫోనులో పట్టి భద్రపరచండి. ఒక చిన్న సూచన. సన్నాయి ఆరుబయటి వాద్యం. గదిలో, ముక్కు దగ్గర మైకు పెట్టి వింటే చెవులు గళ్ళుమంటాయి, వాద్యం మీద కోపం వస్తుంది. నలభై యాభై అడుగుల దూరంలో, చెట్టు కిందనో ఆరుబయటనో కూర్చుని వినండి. అప్పుడు తెలుస్తుంది దాని తీపి.

నాలుగవది, మనం ఇచ్చే విద్యార్థి వేతనాల్లో ఒకటో రెండో నాదస్వరం, డోలు నేర్చుకునే పిల్లలకు కేటాయిద్దాం. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ఈ కోర్సులున్నాయి. ఆడపిల్ల వస్తే ముందు ఆమెకే ఇద్దాం. కాలీషాబీ గారి తరువాత ఆ దారిలో మన ఆడపిల్లలు మరికొందరు నడవాలి.

ఐదవది మన అందరి చేతిలోది, సంఘం తీర్మానం అక్కరలేదు. మీ ఇంట్లో శుభకార్యానికి మేళం పెట్టుకుంటే శుభలేఖ మీద వారి పేరు అచ్చు వేయండి. వంటవారికి అడ్వాన్సు ఇచ్చినట్టే వారికీ ఇవ్వండి. ఆఖరి పంక్తిలో చల్లారిన అన్నం కాకుండా బంధువులతో పాటు కూర్చోబెట్టి వడ్డించండి. కార్యక్రమంలో ఒక అరగంట, గట్టిమేళం అనే కేక లేకుండా, ఆయన ఎత్తుకున్న రాగం పూర్తిగా వాయించుకునే వీలు ఇవ్వండి. ఈ సభలో ఉన్న హిందూ సోదరులకు కూడా ఇదే నా విన్నపం. పెళ్ళిళ్ళు ఎక్కువగా మీ ఇళ్ళల్లోనే గదా, ఆ మేళం మీ పందిట్లోనే గదా మోగేది!

చిన మౌలానా సాహెబ్ శ్రీరంగం వెళ్ళి వెలిగారు. అందరూ శ్రీరంగం వెళ్ళలేరు, వెళ్ళనవసరం కూడా లేదు. వినే నాలుగు చెవులు ఇక్కడే ఉంటే కరవదిలోనూ, చిలకలూరిపేటలోనూ, గోసవీడులోనూ ఉన్నవాళ్ళు ఉన్నచోటనే నిలుస్తారు. వచ్చే వార్షికోత్సవానికి మన సభ ఒక విద్వాంసుడి నాదస్వరంతో మొదలుకావాలనీ, ఆయన పేరు ఆహ్వానపత్రం మీద అధ్యక్షుల పేరంత అక్షరాల్లో ఉండాలనీ ప్రతిపాదిస్తున్నాను. దీన్ని కార్యవర్గం ముందు పెట్టవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.